కట్ చెప్పని డైరెక్టరు

వీడియో గేముల గురించి కబుర్లేమిటి, పిల్లల వ్యవహారం కదా అని పేజీ తిప్పేయకండి. నేను చెప్పబోయే ఆట 1987లో మొదలైంది. ఆ ఏడాది పుట్టిన పిల్లలకి ఇప్పుడు చెవుల పక్కన నెరుపు కనిపిస్తోంది.

ఆట పేరు ‘మెటల్ గేర్’. ఆడినవాళ్లు ఈపాటికే సర్దుకుని కూర్చుని ఉంటారు. ఆడనివాళ్లకి రెండు ముక్కల్లో చెబుతాను. స్నేక్ అని ఒక సైనికుడు. శత్రువుల స్థావరంలోకి ఒంటరిగా దూరాలి. కాపలావాళ్ల కంట పడకూడదు. లోపలెక్కడో అణుబాంబును మోసుకుంటూ కాళ్లమీద నడిచే యంత్రం ఒకటి ఉంటుంది. దాని పేరే మెటల్ గేర్. దాని పని పట్టి బయటపడాలి. కాపలావాడు చూశాడా, వాడి నెత్తిమీద ఆశ్చర్యార్థకం గుర్తు లేస్తుంది, ఖంగుమని ఒక చప్పుడు వస్తుంది. ఆ చప్పుడుని ఫోన్‌లో రింగ్‌టోన్‌గా పెట్టుకున్న పెద్దమనుషులు నాకు తెలుసు. వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా నాకు గోడకి అంటుకుని నడవాలనిపిస్తుంది.

దాక్కోవడానికి ఏమీ దొరక్కపోతే స్నేక్ దగ్గర ఒక అట్టపెట్టె ఉంటుంది. ప్రపంచాన్ని కాపాడటానికి వచ్చిన వీరుడు ఆ పెట్టె బోర్లించుకుని కింద నక్కుతాడు. కాపలావాడు వచ్చి, చూసి, ఏదో సామాను కాబోలనుకుని పోతాడు. పక్క నిమిషంలోనే తెరమీద అణుయుద్ధం గురించి, మనిషి జన్యువుల గురించి గంభీరమైన ఉపన్యాసం నడుస్తుంది. ఈ రెండూ ఒకే ఆటలో ఎలా ఇముడుతాయని అడక్కండి. ఇముడుతాయి, అంతే.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. ఈ గేముల కథలు విప్పకుండా కబుర్లు సాగవు. ఎవరు చస్తారో ఎవరు మోసం చేస్తారో తెలిస్తే మజా పోతుందనుకునేవాళ్లు ఇక్కడితో ఆగిపోండి. నేనేమీ అనుకోను.

ఈ సిరీస్ మీద పాత ఫిర్యాదు ఒకటుంది. ఆడేది తక్కువ, చూసేది ఎక్కువ అని. ఐదు నిమిషాలు పాకితే ఇరవై నిమిషాలు సినిమా. కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని టీ తాగి, కప్పు కడిగి వచ్చినా వాళ్లింకా మాట్లాడుతూనే ఉంటారు. ఫిర్యాదు అబద్ధమని నేననను. కానీ ఈ గేములు ఆడినవాళ్లని ‘నీకు బాగా గుర్తున్నదేమిటి’ అని అడిగి చూడండి. ఆ పొడుగు సినిమాల పేరెత్తేవాళ్లు తక్కువ. ఒక నిచ్చెన గురించి చెబుతారు. ఒక ముసలాడి గురించి చెబుతారు. ఒక తుపాకీ గుర్రం గురించి చెబుతారు. ఇవన్నీ కంట్రోలర్ చేతిలో ఉండగా జరిగినవే. అక్కడే నాకు అనుమానం మొదలైంది.

ముందు మనిషి సంగతి. హిడియో కొజిమా 1963లో టోక్యోలో పుట్టాడు. ఇంట్లో రోజూ సాయంత్రం అందరూ కలిసి సినిమా చూడటం ఆనవాయితీ. పిల్లాడికి పదమూడేళ్లప్పుడు తండ్రి పోయాడు, సినిమా పిచ్చి మిగిలింది. డైరెక్టరు కావాలనుకున్నాడు. తీరా 1986లో కొనామి అనే గేముల కంపెనీలో చేరాడు. తన ఒంట్లో డెబ్బై శాతం సినిమాలేనని ఇప్పటికీ చెప్పుకుంటాడు. మిగతా ముప్పై శాతం ఏమిటో గానీ, పేర్లు పెట్టడంలో మాత్రం నూటికి నూరూ సినిమానే. స్నేక్ పేరు జాన్ కార్పెంటర్ తీసిన ‘ఎస్కేప్ ఫ్రం న్యూయార్క్’ హీరోది. రెండో ‘మెటల్ గేర్ సాలిడ్’ గేములో స్నేక్ మారుపేరు పెట్టుకోవాల్సి వస్తే ఆ హీరో ఇంటిపేరే ప్లిస్కిన్ అని తగిలించుకుంటాడు. దాపరికమేమీ లేదు.

కొనామి అతనికి అప్పజెప్పింది యుద్ధం గేము. ఎంఎస్ఎక్స్ 2 అనే ఇంటి కంప్యూటర్ కోసం. ఆ యంత్రానికేమో తెరమీద నలుగురు శత్రువులు, పది తూటాలు ఒకేసారి కదిలితే ఊపిరి ఆడదు, బొమ్మలు మినుకుమినుకుమంటాయి. యుద్ధమేమో చూపించాలి, జనమేమో పట్టరు. వేరేవాడైతే చేతులెత్తేసేవాడు. ఇతను చిన్నప్పుడు చూసిన ‘ది గ్రేట్ ఎస్కేప్’ గుర్తుచేసుకున్నాడు. జర్మన్ల ఖైదు నుంచి సొరంగాలు తవ్వుకుని తప్పించుకునే సైనికుల కథ, 1963 సినిమా. కొట్టుకోవడం ఎందుకు, దాక్కుందాం అన్నాడు. పోరాడకుండా తప్పుకుపోవడమే ఆటగా మారింది.

ఇక్కడ కాస్త ఆగుదాం. దాక్కోవడం అంటే ఏమిటి? వేచి ఉండటం. కాపలావాడు అటు తిరిగేదాకా గోడ వెనక ఊపిరి బిగబట్టడం. వాడు నాలుగడుగులు వేస్తాడు, ఆవులిస్తాడు, ఇటు తిరుగుతాడు, మళ్లీ అటు. సినిమావాళ్లు మొదట కత్తిరించేది ఈ భాగాన్నే. సొరంగం నెలల తరబడి తవ్వుతారు, మనకి పది షాట్లలో చూపిస్తారు. ఎడిటింగ్ అంటేనే వ్యర్థమైన కాలాన్ని తీసిపారేయడం. సినిమాని అంతగా ప్రేమించినవాడు, సినిమా పారేసే ముక్కలతో ఆట కట్టాడు. కొజిమా గురించి నాకు తోచిన సంగతి ఇదే. అతను సినిమా తీసిన చోట మామూలు డైరెక్టరు. సినిమా అయితే ‘కట్’ అనాల్సిన చోట నోరు మూసుకున్నప్పుడు, అతనికి సాటి లేడు.

1998లో ప్లేస్టేషన్ మీద వచ్చిన ‘మెటల్ గేర్ సాలిడ్’ చూడండి. అలాస్కా దగ్గర షాడో మోసెస్ అనే దీవి. స్నేక్ సముద్రం అడుగు నుంచి ఈదుకుంటూ వచ్చి సరుకుల రేవులో తేలతాడు. మన ఆట మొదలవుతుంది. ఇద్దరు కాపలావాళ్లు తిరుగుతుంటారు. పైకి వెళ్లడానికి లిఫ్ట్ ఒక్కటే దారి, అదేమో పైనుంచి దిగి రావాలి. చేసేదేమీ లేదు, పైపుల కింద దాక్కుని ఎదురుచూడాలి. సరిగ్గా అప్పుడు, మనం ఆడుతుండగానే, తెరమీద టైటిల్సు పడటం మొదలవుతుంది. నటీనటులు, సంగీతం, రచన, ఒక్కో పేరూ వచ్చి మాయమవుతూ. లిఫ్ట్ దిగాక ఎక్కితే, అది పైకి లేస్తుండగా స్నేక్ ముసుగు తీస్తాడు, గేము పేరు పడుతుంది. టైటిల్సు పడేంత సేపు సినిమాలో కార్లు వెళ్తుంటాయి, పక్షులు ఎగురుతుంటాయి. ఇక్కడ ఆ కాసేపూ హీరోతో పాటు తడి నేలమీద నక్కి ఉన్నది మనం.

పైకి వెళ్తే మంచు. హెలికాప్టర్ దిగే మైదానం, తిరిగే సెర్చిలైట్లు. మంచులో నడిస్తే పాదాల గుర్తులు పడతాయి. కాపలావాడు వాటిని చూసి, ఎవరివీ అడుగులు అనుకుంటూ ఒక్కో గుర్తునీ అనుసరించి వస్తాడు. మొదటిసారి ఇది చూసినప్పుడు ఆడేవాళ్లు దెబ్బకి స్థాణువైపోయారు. తలుపు వెనక నక్కాం, వాడికి కనపడలేదు కదా అనుకుంటాం. మన కాళ్లే మనల్ని పట్టిస్తాయి.

అప్పటి ప్లేస్టేషన్‌లో ముఖాలు ముఖాల్లా ఉండవు. కళ్లున్న చోట నీడలు, నోరు కదలదు. మాట్లాడుతున్నారని తెలియడానికి మనుషులు తలలూపుతుంటారు. ఆ రోజుల్లో చాలా గేములు కథ చెప్పాల్సి వచ్చినప్పుడు ముందే తయారుచేసి పెట్టుకున్న నున్నటి వీడియోలు వేసేవి. ఆడేటప్పుడు పెట్టెల్లాంటి బొమ్మ, కథ దగ్గరికి వచ్చేసరికి అందగాడు. కొజిమా బృందం ఆ పని చేయలేదు. ఆడే స్నేక్ ఎలా ఉంటాడో కథలోనూ అలాగే ఉంటాడు. కెమెరా మాత్రం పైనుంచి దిగి అతని పక్కకి వస్తుంది. ఆ కెమెరా ఎక్కడ నిలబడాలో తెలుసుకోవడానికి స్థావరాన్ని లెగో ఇటుకలతో కట్టి, చిన్న కెమెరాతో లోపలికి చూసుకున్నారట. మనసు సినిమాదే, బొమ్మలు మాత్రం పిల్లలవి.

మధ్యమధ్యలో రేడియో సంభాషణలుంటాయి, కోడెక్ అంటారు. పచ్చటి తెరమీద రెండు ముఖాలు, ఆగని మాటలు. యుద్ధం నడుస్తుండగా ఒకావిడ చైనా సామెతలు చెబుతుంది, ఇంకొకావిడ అణు ఒప్పందాల చరిత్ర ఎత్తుకుంటుంది. విసుక్కునేవాళ్లున్నారు. నాకు మాత్రం హరిదాసుగారు సీతాకల్యాణం మధ్యలో చిడతలు ఆపి, పిట్టకథ అందుకున్నట్టు ఉంటుంది. పెళ్లి ఎక్కడికీ పోదు, మనం ఈలోగా ఇంకో సంగతి విందాం. దాసుగారి గొంతు బాగుంటేనే ఇది చెల్లుతుందనుకోండి. ఇక్కడ గొంతులు బాగుంటాయి. ఇంగ్లీషులో స్నేక్‌కి గొంతిచ్చిన డేవిడ్ హేటర్ స్వతహాగా సినిమా రచయిత కూడా. 2000లో వచ్చిన ‘ఎక్స్-మెన్’ స్క్రీన్‌ప్లే అతనిదే.

ఇక సైకో మాంటిస్. మనసులో మాట చదివే విలన్. అలాంటివాళ్లని సినిమాల్లో బోలెడుమందిని చూశాం. వాడు ఎవరి మనసు చదువుతాడు? హీరోది. మనకేం పోయింది? ఇక్కడ మాంటిస్ మన మెమరీ కార్డు చదువుతాడు. అందులో మనం దాచుకున్న వేరే కొనామి గేములుంటే, ఓహో నీకు అవి ఇష్టమన్నమాట అంటాడు. కంట్రోలర్ నేలమీద పెట్టు, నా శక్తితో కదుపుతా చూడు అంటాడు. పెడతాం. అది గజగజ వణుకుతూ నేలమీద పక్కకి జరుగుతుంది. తర్వాత తెర నల్లబడి, మూలన పచ్చ అక్షరాలతో ‘హిడియో’ అని వస్తుంది, టీవీలో ‘వీడియో’ అని పడాల్సిన చోట. టీవీ పాడైందనుకుని లేచి వైర్లు కదిపినవాళ్లు ఎందరో. వాణ్ని ఓడించాలంటే కంట్రోలర్ పీకి రెండో సాకెట్‌లో పెట్టాలి. అప్పుడు మన మనసు వాడికి అందదు. ఏ సినిమా హాల్లోనైనా విలన్ దిగి వచ్చి ప్రేక్షకుడి జేబు తడిమాడా?

ఇదే గేములో మెరిల్ అనే అమ్మాయి రేడియో నంబరు కావాల్సి వస్తుంది. అది సీడీ పెట్టె వెనక ఉంది చూడమంటారు. స్నేక్ సంచిలో ఏదో సీడీ ఉంటుంది కాబోలని వెతుకుతాం. కాదు, మనం కొట్లో కొనుక్కున్న సీడీ పెట్టె. దాని వెనక అట్టమీద ఒక చిన్న ఫొటోలో 140.15 అని ఉంటుంది. బ్రహ్మాండమైన ఎత్తు. కానీ మన దగ్గర ఈ గేము చాలామంది చేతికి ఎలా వచ్చిందంటారు? పల్చటి ప్లాస్టిక్ కవర్లో, పైన స్కెచ్ పెన్నుతో రాసిన పేరుతో. వెనక అట్టేదీ, ఫొటో ఏదీ? అలా ఆగిపోయినవాళ్లు ఒక్కో నంబరూ తిప్పుకుంటూ కూర్చున్నారు. పైరసీ మీద ఇంత ముచ్చటైన శిక్ష ఇంకోటి చూడలేదు నేను.

తర్వాత స్నేక్ పట్టుబడతాడు. ఓసెలాట్ అనేవాడు కరెంటు షాకులు పెడతాడు. లొంగిపోతే షాకులు ఆగుతాయి, ఆ తర్వాత మెరిల్ బతకదు. లొంగకుండా ఉండాలంటే ఒక బటన్‌ని టకటకా నొక్కుతూ ఉండాలి. మధ్యలో చనిపోతే అక్కడి నుంచే మళ్లీ మొదలెట్టే వీలు లేదు, ఎప్పుడో సేవ్ చేసుకున్న చోటికి పోవాలి. ఆ సంగతి కూడా ఓసెలాట్ ముందే నవ్వుతూ చెబుతాడు. వేళ్లు వాస్తాయి, మోచేయి పట్టేస్తుంది. అదయ్యాక రేడియోలో నయోమి అనే డాక్టరమ్మ, చెయ్యి నొప్పిగా ఉందా, కంట్రోలర్ నీ చేతిమీద ఆనించుకో అంటుంది. ఆనిస్తే అది సన్నగా కంపిస్తూ మర్దన చేస్తుంది. హీరోని చిత్రహింస పెట్టే సీను సినిమాలో చూసి మనం కళ్లు మూసుకోవచ్చు. ఇక్కడ కళ్లు మూసుకున్నా వేలు ఆడాల్సిందే. మెరిల్ చనిపోతే ఆ తప్పు రచయిత మీద తోసేయలేం. మన బొటనవేలు అలిసిపోయింది, అంతే.

2001లో వచ్చిన రెండో ‘సాలిడ్’ గురించి ఒక పుస్తకం రాయొచ్చు, నేను ఒక పేరాతో సరిపెడతాను. ట్రైలర్లలో అంతా స్నేక్. కొనుక్కుని ఆడితే, ఓడ మీద మొదటి అంకం కాగానే స్నేక్ పోయి రైడెన్ అనే తెల్లజుట్టు కుర్రాడు వస్తాడు. మిగతా ఆటంతా వాడే. అభిమానులు గగ్గోలు పెట్టారు. ఆఖర్లో రేడియోలో ఆజ్ఞలిచ్చే కల్నల్‌కి మతిపోయి, ఇక ఆట ఆపెయ్, చాలాసేపు ఆడావ్ అని మొదలెడతాడు. సమాచారాన్ని ఎవరు వడపోస్తే నిజం వాళ్ల చేతిలో ఉంటుందని ఆ గేము చెప్పింది అప్పుడు వాగుడులా ఉంది, ఇప్పుడు రోజూ ఫోన్‌లో చూస్తున్నదే. వివరాల పిచ్చి మాత్రం ముదిరింది. ఓడలో ఐసుముక్కల గిన్నెని తుపాకీతో కాలిస్తే ముక్కలు నేలమీద చిందుతాయి, చూస్తూ నిలబడితే నెమ్మదిగా కరుగుతాయి. ఎవరు చూస్తారండీ ఐసు కరగడం? ఇంకో విశేషం, దీనికి నిజంగానే కత్తెర పడింది. భారీ యుద్ధనౌక ఒకటి మన్‌హటన్‌లోకి దూసుకొచ్చే దృశ్యాలుండేవి. విడుదల నవంబరులో, అంతకుముందు సెప్టెంబర్ 11 వచ్చింది. ఆ దృశ్యాలు తీసేశారు. అందుకే ఆ చోట కథ ఒక్కసారి గెంతినట్టుంటుంది.

ఇప్పుడు అసలు దాని దగ్గరికొద్దాం. 2004, ‘స్నేక్ ఈటర్’. కథాకాలం 1964, సోవియట్ అడవులు. పేర్లు పడే తీరు, పాట, అంతా అచ్చం జేమ్స్ బాండ్ వరస. పాట పాడింది సింథియా హారెల్. అడవిలో తిండి లేదు, పామునో కప్పనో పట్టుకుని తినాలి. సేవ్ చేసుకోవడానికి రేడియో తీస్తే పారామెడిక్ అనే అమ్మాయి తాను చూసిన సినిమాల గురించి కబుర్లు చెబుతుంది. గాడ్జిల్లా గురించి కూడా. స్నేక్‌కి సినిమాలంటే ఆసక్తి లేదు, ఊ కొడుతుంటాడు పాపం. డెబ్బై శాతం సినిమా మనిషి తనని తాను ఎగతాళి చేసుకోవడం ఇలా ఉంటుంది.

ఆ అడవిలో ది ఎండ్ అనే స్నైపర్ ఉంటాడు. నూరేళ్లు దాటిన ముసలాడు. భుజంమీద చిలక. చెట్ల మధ్య ఎక్కడో నాచులో కలిసిపోయి, దుర్బిణిలోంచి మనల్ని వెతుకుతుంటాడు. మనం ఆయన్ని వెతకాలి. చెవులు రిక్కించి, పొదలో బోర్లా పడుకుని, దుర్బిణి అద్దం తళుక్కుమంటుందేమోనని చూడాలి. ఒక్కోసారి గురక వినిపిస్తుంది. నిద్రపోయాడు ముసలాయన! నెమ్మదిగా పాకి వెళ్లేలోపు చిలక అరిచి లేపుతుంది. ఈ పోరు గంట పట్టవచ్చు. ఆ గంటలో ఎక్కువ భాగం జరిగేది ఏమీ లేదు. ఆకులు కదులుతాయి, పిట్టలు అరుస్తాయి.

ఆ పోరు మధ్యలో సేవ్ చేసి, గేము ఆపేసి, వారం తర్వాత తిరిగి వస్తే ది ఎండ్ చచ్చిపడి ఉంటాడు. వయసైపోయి. కొందరు కన్సోల్‌లో తేదీ ముందుకి జరిపి పని కానిచ్చారు, అది వేరే సంగతి. ఏ విలన్నైనా ప్రేక్షకుడు మళ్లీ హాలుకి రాలేదని మనోవ్యాధితో పోయాడా? కాలాన్ని ఆయుధంగా వాడటం అంటే ఇది.

ఆయన్ని దాటాక సొరంగం. చివర ఒక నిచ్చెన. ఎక్కడం మొదలెడతాం. ఎక్కుతాం. ఇంకా ఎక్కుతాం. పైన ఏమీ కనపడదు, కింద ఏమీ కనపడదు. పైకి నొక్కిన బటన్ వదలకుండా రెండు నిమిషాలపైనే ఎక్కాలి. కాసేపయ్యాక, వాద్యాలేవీ లేకుండా, మొదట్లో విన్న పాట ఒంటరి గొంతుగా వినిపిస్తుంది. శత్రువులు లేరు, ప్రమాదం లేదు, చేయాల్సిన పనల్లా ఎక్కడమే. అప్పటిదాకా గంటసేపు చెట్ల వెనక తిరిగి వచ్చిన మనిషికి మొదటిసారి ఆలోచించుకునే తీరిక దొరుకుతుంది. తాను ఎవరిని చంపడానికి వెళ్తున్నాడు? తనకి యుద్ధం నేర్పిన గురువుని. తల్లిలాంటి ఆవిణ్ని. ఈ మాట అక్కడ ఎవరూ అనరు. ఏ ఎడిటరైనా నిచ్చెన దగ్గర చెయ్యి ఒకటి, పై మెట్టు దగ్గర చెయ్యి ఒకటి చూపించి ‘కట్’ అనేవాడు. కొజిమా అనలేదు. ఆ ఒక్క పని చేయకపోవడానికి ఎంత గుండె కావాలో సినిమావాళ్లని అడిగితే చెబుతారు.

ఇంకా ముందుకి వెళ్తే ఒక నది. స్నేక్ నడుములోతు నీళ్లలో ఏటికి ఎదురు నడుస్తాడు. ఎదురుగా వరసగా మనుషులు వస్తుంటారు. అప్పటిదాకా మనం చంపినవాళ్లందరూ. ఎలా చంపామో ఆ గాయాలతోనే. తక్కువమందిని చంపినవాడికి నది తొందరగా గడుస్తుంది. తుపాకీ చేతికి దొరికింది కదా అని రెచ్చిపోయినవాడికి ఊరేగింపే. పొడుగెంతో మనమే రాసుకున్న సీను అది.

ఇక ఆ తుపాకీ గుర్రం. ది బాస్ అనే ఆ గురువుతో పోరు తెల్లటి పూలతోటలో, పది నిమిషాల గడువుతో. ఓడిపోయి ఆవిడ పూలమధ్య పడి ఉంటుంది. తుపాకీ ఆవిడకి గురిపెట్టి స్నేక్ నిలబడతాడు. కెమెరా దూరంగా జరుగుతుంది, ఇద్దరూ కనిపిస్తారు. అలా ఉండిపోతుంది. మామూలుగా ఇలాంటి చోట మనకి పని లేదు, సినిమా నడుస్తుంది కదా అని చూస్తుంటాం. తూటా పేలదు. ఇంకా పేలదు. అప్పుడు తెలుస్తుంది, గుర్రం నొక్కాల్సింది మనమేనని. గేము కిక్కురుమనదు, నొక్కమని తొందర పెట్టదు. నొక్కితే తప్ప కథ కదలదు. ఈ సీను గురించి వేల మాటలు రాశారు, నేను ఇంకో నాలుగు కలిపితే బరువు తగ్గుతుంది కాబట్టి వదిలేస్తున్నాను.

ఇదే గేములో చిన్న చిలిపితనం కూడా చెప్పాలి. కట్‌సీన్లు, అంటే మధ్యలో వచ్చే సినిమా ముక్కలు, నడిచేటప్పుడు ఆర్1 బటన్ నొక్కితే, స్నేక్ కళ్లలోంచి చూడొచ్చు. ఈవా అనే అందగత్తె మాట్లాడుతుంటే నొక్కితే, స్నేక్ చూపు ఆవిడ ముఖంమీద ఉండదు. ఇంకో చోట నొక్కితే వెనకాల ఒక దయ్యం నిలబడి కనిపిస్తుంది, నొక్కనివాడికి ఆ దయ్యం లేదు. చూడటం కూడా ఆడటమే అయిందన్నమాట.

ఇంతలా మెచ్చుకున్నాక 2008 నాటి నాలుగోదాని దగ్గర నేను కాస్త తల దించుకోవాలి. ఆ పాత ఫిర్యాదుకి బలం దొరికేది అక్కడే. ఐదంకాల నాటకం. వదులుగా వేలాడిన దారాలన్నీ ముడేయాలన్న ఆత్రం. అతనెందుకు అలా అన్నాడు, ఇతని చెయ్యి ఎవరిది, ఆమె ఎవరి కూతురు, అన్నిటికీ జవాబులు, జవాబులకి వివరణలు. చివరి దృశ్యాల వరస గంట దాటుతుంది. ఆ గంటలో బటన్‌కి పని లేదు. సినిమా అయితే నిర్మాత వచ్చి చెయ్యి పట్టుకుని ఆపేవాడు. కానీ అందులోనూ ఒక సొరంగం ఉంది. గోడలనుంచి మైక్రోవేవ్ కిరణాలు కొట్టే దారి. ముసలివాడైన స్నేక్ అందులో పాకాలి. తెర రెండుగా చీలుతుంది, పై సగంలో స్నేహితుల యుద్ధం, కింద సగంలో ఇతను. ట్రయాంగిల్ బటన్ నొక్కుతూ ఉంటేనే పాకుతాడు. చెయ్యి ఆపితే కూలబడతాడు. పై సగం మంచి సినిమా. కానీ ఎవరి కళ్లూ పై సగం మీద ఉండవు.

సినిమాతనం ఎక్కువైతే ఏమవుతుందో చూడాలంటే ఇంకో నమూనా ఉంది. 1998 గేమునే 2004లో గేమ్‌క్యూబ్ కోసం తిరిగి చేశారు, ‘ది ట్విన్ స్నేక్స్’ అని. కట్‌సీన్లు ర్యూహీ కితామురా అనే సినిమా డైరెక్టరు చేతికిచ్చారు. ముఖాలు అందంగా వచ్చాయి, నోళ్లు కదిలాయి. స్నేక్ మాత్రం గాల్లోకి ఎగిరి, వస్తున్న క్షిపణి మీద అడుగేసి, పల్టీ కొడతాడు. ఇదే మనిషి రెండు నిమిషాల తర్వాత మన చేతిలోకొచ్చి, ఒక మామూలు కాపలావాడికి భయపడి గోడకి అంటుకోవాలి. ఎలా నమ్మమంటారు?

కొజిమా చేసినవాటిలో ఆఖరిది 2015లో వచ్చిన ‘ఫాంటమ్ పెయిన్’. దానికి ముందు తోకలాంటి ‘గ్రౌండ్ జీరోస్’ 2014లో. ఇక్కడ కొజిమా నా మాట విన్నట్టే చేశాడు! కట్‌సీన్లలో కత్తెరే లేదు. వానలో ఒక సైనిక శిబిరం గుండా కెమెరా మనుషుల భుజాల వెంట నడుస్తూ, హెలికాప్టర్ ఎగిరిపోయేదాకా ఒకే షాటులా సాగుతుంది. మాటల ఉపన్యాసాలన్నీ క్యాసెట్లలోకి పోయాయి. కావాలంటే పాకుతూ వినొచ్చు, వద్దంటే లేదు. ఫిర్యాదుదారులు అడిగిందంతా ఇచ్చాడు. మరి నాకు ఎందుకో వెలితిగా ఉంటుంది. పిట్టకథలు పోయాయి కాబట్టి కావచ్చు. ప్రతి మిషన్ మొదట్లో టీవీ సీరియల్‌లా పేర్లు వేస్తాడు, ఫలానావాడు ఇందులో ఉన్నాడని. దాంతో ఎదురుపడబోయేది ఎవరో ముందే తెలిసిపోతుంది. అఫ్ఘానిస్థాన్ కొండల్లో గుర్రంమీద గంటలకొద్దీ తిరుగుతాం, కథ మాత్రం సగంలో ఆగినట్టుంటుంది. అదే ఏడాది చివర్లో కొజిమా కొనామి వదిలి సొంత కంపెనీ పెట్టుకున్నాడు.

ఈ కథని హాలీవుడ్ సినిమాగా తీస్తామని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. స్నేక్‌గా ఆస్కార్ ఐజాక్ పేరు 2020లో వినిపించింది. తీస్తే చూస్తాను, మానను. నటుడు మంచివాడు. కానీ డైరెక్టరు ఆ నిచ్చెనని ఏం చేస్తాడు? రెండు నిమిషాలపైన ఒక మనిషి మెట్లెక్కుతుంటే హాల్లో జనం ఫోన్లు తీస్తారు, తప్పు వాళ్లది కాదు. కూర్చుని చూసేవాడికి అది ఖాళీ. ఎక్కేవాడికి కాదు.

ఇంతా విన్నాక ఎక్కణ్నుంచి మొదలెట్టమంటావని అడుగుతారు. ‘స్నేక్ ఈటర్’ నుంచే. కథాక్రమంలో అదే అన్నిటికన్నా ముందుది, పాతవి తెలియకపోయినా అడ్డు రాదు. 2025 ఆగస్టులో ‘డెల్టా’ అనే పేరుతో కొత్త బొమ్మలతో మళ్లీ వచ్చింది, గొంతులు మాత్రం 2004లో రికార్డు చేసినవే. కాబట్టి పాత కన్సోల్ కోసం అటకలు వెతకనక్కర్లేదు. ఒక్క సలహా. ది ఎండ్ దగ్గర తేదీలు జరపకండి, తీరిగ్గా వెతకండి. ఎంతకీ దొరక్కపోతే ఆ చిలకని బతికుండగా పట్టుకుని వదలండి, తిన్నగా యజమాని దగ్గరికే ఎగురుతుంది. దాన్ని తినడానికి కూడా గేము ఒప్పుకుంటుంది. ఆకలేస్తే పుట్టగొడుగులు చూసుకోండి, చిలక జోలికి పోకండి.